ఆల్డబ్రాకు టికెట్టు ఎవరు కొంటారు?

రక్షిత ప్రాంతాలు తమ ఖర్చు తామే సంపాదించుకోవాలన్న మాట ఈ మధ్య ఎక్కడ చూసినా వినిపిస్తోంది. అభివృద్ధి బ్యాంకుల నివేదికల్లో అదే, పర్యావరణ సదస్సుల్లో అదే, ఆదివారం అనుబంధాల్లో వచ్చే విహారయాత్రా వ్యాసాల్లోనూ అదే. చిన్న ద్వీప దేశాల ప్రస్తావన వచ్చేసరికి ఈ సలహా కాస్తా షరతుగా మారిపోతుంది. వాళ్ల దగ్గర డబ్బు లేదు, ఉన్నదల్లా అందం. ఆ అందాన్ని చూడవచ్చినవాళ్ల దగ్గర వసూలు చేసి, దాన్నే కాపాడుకోమంటారు. చాలకపోతే అప్పుల మార్పిడి ఉంది, సముద్రం పేరిట అప్పు తెచ్చే నీలి బాండు ఉంది. ఖజానా మీద పైసా భారం పడదట. ఉదాహరణ చెప్పమంటే ఠక్కున సీషెల్స్ పేరు చెబుతారు.

ఈ వాదన అక్కడో ఇక్కడో సవరిస్తే నిలబడేది కాదు, పునాదిలోనే తేడా ఉంది. వాళ్లు సాక్ష్యంగా తెచ్చే సీషెల్స్‌తోనే ఆ సంగతి చూద్దాం.

1. ముందుగా వాళ్ల పక్షం

ఎదుటివాడి వాదాన్ని పలచన చేసి కొట్టడం తేలిక. కాబట్టి పూర్తి బలంతోనే చెబుతాను. పేద దేశం బడ్జెట్‌లో కోత పెట్టాల్సి వస్తే మొదటి వేటు పడేది అడవుల మీదే. ఆసుపత్రిలో మందులు లేకపోతే జనం రోడ్డెక్కుతారు. తాబేళ్లకు కాపలా లేకపోతే ఎవరు ఎక్కుతారు? మంత్రి మారితే ప్రాధాన్యం మారుతుంది. అదే టికెట్ల డబ్బయితే రోజూ వస్తుంది, నేరుగా ట్రస్టు ఖాతాలో పడుతుంది, ఆర్థిక శాఖలో ఫైలుగా మారి మూలగదు. ఇందులో న్యాయం కూడా ఉందంటారు. చూసి ఆనందించేవాడు ఐరోపా నుంచి వచ్చిన సంపన్నుడైతే, ఆ ఖర్చు స్థానిక జాలరి పన్నులోంచి ఎందుకు పెట్టాలి? పైగా పడవ నడిపేవాడికీ, దారి చూపేవాడికీ నాలుగు రాళ్లు దక్కితే వాళ్లే అడవికి కాపలా కాస్తారు.

ఇక సాక్ష్యాలు. ప్రాలాన్ దీవిలో వాలీ ద మే అనే తాటిజాతి అడవి ఉంది. మొత్తం కలిపి ఇరవై హెక్టార్లు కూడా లేదు. ప్రపంచంలోకెల్లా పెద్ద గింజ కాసే కోకో ద మేర్ చెట్లు అక్కడివి. ఈ చెట్టు ఎక్కడుందో బయటి ప్రపంచానికి తెలియని కాలంలోనే దాని పెంకులు సముద్రం మీద తేలుతూ వచ్చి మన దేశపు సాధువుల, ఫకీర్ల చేతుల్లో భిక్షాపాత్రలయ్యాయి. 1983లో ఈ అడవి యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. సీషెల్స్ వెళ్లినవాళ్లలో చాలామంది దీన్ని చూసే తిరిగొస్తారు. వాళ్లు కట్టే ప్రవేశ రుసుము 1979లో ఏర్పడిన సీషెల్స్ ఐలండ్స్ ఫౌండేషన్ అనే ట్రస్టుకు వెళ్తుంది. రాజధాని ఉన్న మాహే దీవికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ఆల్డబ్రా పగడపు దీవుల బాగోగులు చూసేదీ ఆ ట్రస్టే.

రెండో సాక్ష్యం కుజాన్ అనే చిన్న దీవి. అంతరించిపోబోయిన ఒక పిట్టను అక్కడ బతికించారు, ఇప్పుడు సందర్శకుల డబ్బుతోనే దీవి నడుస్తోంది. మూడోది 2016లో పూర్తయిన అప్పు మార్పిడి. దాని ఫలితంగా 2020 మార్చిలో సీషెల్స్ తన సముద్రంలో 30 శాతాన్ని, అంటే దాదాపు 4.1 లక్షల చదరపు కిలోమీటర్లను, రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. జనాభా చూస్తే సుమారు లక్ష. అలాంటి దేశం ఇంత చేసిందంటే ఇంకేం కావాలి అంటారు.

వీటిలో ఒక్క వివరమూ అబద్ధం కాదు. వాటి నుంచి లాగిన తీర్మానంతోనే నా తగువు.

2. ఆల్డబ్రా సంపాదించదు, సంపాదించకూడదు కూడా

వాళ్ల మొదటి సాక్ష్యాన్ని మరోసారి చదవండి. వాలీ ద మే సంపాదిస్తుంది, ఆల్డబ్రా ఖర్చు పెడుతుంది. మరి ఆల్డబ్రా తన ఖర్చు తాను సంపాదించుకున్నది ఎప్పుడు?

లక్షకు పైగా రాక్షస తాబేళ్లున్న చోటు అది. ఈ జాతి ఇంత పెద్ద సంఖ్యలో భూమ్మీద మరెక్కడా లేదు. హిందూ మహాసముద్ర దీవుల్లో ఎగరలేని పక్షులన్నీ ఒక్కొక్కటిగా పోగా, మిగిలిన ఆఖరిది అక్కడే తిరుగుతోంది. ఊరు లేదు, హోటలు లేదు, విమానం దిగే చోటు లేదు. పికార్డ్ అనే దీవి ముక్క మీద పరిశోధన కేంద్రంలో కొద్దిమంది సిబ్బంది ఉంటారు. బియ్యం దగ్గర్నుంచి డీజిల్ దాకా ఓడ తేవాల్సిందే. ఏటా కొన్ని యాత్రా నౌకలు వచ్చి ఆగి వెళ్తాయి, అంతే. హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్లి తిరిగొచ్చినంత దూరం సముద్రం దాటితే తప్ప చేరలేని చోటికి టికెట్టు కౌంటరు పెట్టి ఏం లాభం?

అసలు విషయం ఇంకొకటుంది. ఎవరూ రాలేకపోవడం వల్లే ఆల్డబ్రా మిగిలింది. 1960లలో బ్రిటన్ అక్కడ సైనిక విమానాశ్రయం కట్టాలని చూసింది. శాస్త్రవేత్తలు గొడవ చేశారు. 1967లో ఆ పథకం మూలపడింది. పౌండు విలువ తగ్గించుకోవాల్సిన దుస్థితి బ్రిటన్‌కు రావడం అందులో చిన్న పాత్రేమీ కాదు. ఆ రన్‌వే పడి ఉంటే తర్వాత హోటలూ వచ్చేది, హోటలు వస్తే ఆల్డబ్రా తన కాళ్ల మీద తాను నిలబడిందని ఈపాటికి ఏదో ఒక నివేదిక మెచ్చుకుని ఉండేది. తాబేళ్లు ఎన్ని మిగిలేవన్నది ఆ నివేదిక చెప్పదు. పక్కనే, ముప్పై కిలోమీటర్ల లోపున, ఎయిర్‌స్ట్రిప్ ఉన్న అసంప్షన్ దీవికి విదేశీ పెట్టుబడితో విలాస రిసార్టు ప్రతిపాదన రానే వచ్చింది. సంపాదన సూత్రం చివరికి చేరేది అక్కడికే.

మన దగ్గర పెద్ద దేవాలయాల హుండీ ఆదాయంలో కొంత తీసి, హుండీ నిండని పల్లె గుళ్లలో ధూపదీప నైవేద్యాలు ఆగకుండా చూసే ఏర్పాటు ఉంది. దాన్ని చూసి "ప్రతి గుడీ తన ఖర్చు తానే సంపాదించుకుంటోంది" అని ఎవరైనా అంటే నవ్వుతాం. వాలీ ద మే, ఆల్డబ్రాల మధ్య నడుస్తున్నదీ అదే. ఉన్నచోట తీసి లేనిచోట పెట్టడం. ప్రభుత్వాలు పన్ను వేసి చేసే పని ఇదే కదా. కాకపోతే ఇక్కడ ఆ భారమంతా ఇరవై హెక్టార్ల అడవి ఒక్కటే మోస్తోంది.

టికెట్టు కొనేవాడికి కనిపించని పనుల సంగతి కూడా చెప్పాలి. ఆల్డబ్రాలో తాబేళ్ల మేతను, నీడను తినేస్తున్న మేకలను పూర్తిగా తొలగించడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. 2012 నాటికి గాని అది ముగియలేదు. మన తోటల్లో తురాయి పెట్టుకు తిరిగే ఎర్రబుగ్గల బుల్‌బుల్ పిట్టను ఎవరో మారిషస్ నుంచి అసంప్షన్‌కు తీసుకొచ్చి వదిలారు. అది అక్కడ పెరిగి ఆల్డబ్రా వైపు చూసింది. ఒక్కో పిట్టనూ వలవేసి, వెతికి, ఏళ్ల తరబడి వెంటాడి తొలగించారు. ముచ్చటైన పిట్టను చంపడం చూడ్డానికి ఏ పర్యాటకుడు డబ్బు కడతాడు? రక్షణలో అసలు పని చాలామటుకు ఇలాంటిదే. విసుగు పుట్టించేది, ఫొటోకు పనికిరానిది, ఆగితే మొదటికొచ్చేది.

మన కోరింగ మడ అడవుల్లో చెక్కబాట టికెట్లు చూపించి ఇదే పాఠం మనకూ చెప్పేవాళ్లున్నారు. చెక్కబాట మీంచి కనిపించే చెట్లు ఎన్ని? ఉప్పెన ఉద్ధృతిని తట్టుకోవాల్సిన అడవిలో ఎక్కువ భాగం సందర్శకుల పడవ తిరగని పాయల వెంటే ఉంది.

3. కుజాన్ కథలో తేదీలు దాచేశారు

1960ల చివరికి సీషెల్స్ వార్బ్లర్ అనే బుల్లిపిట్ట ప్రపంచం మొత్తంలో కుజాన్ దీవి ఒక్కదానిలోనే, ముప్పైకి లోపు మిగిలింది. దీవి అప్పటికి కొబ్బరి తోట. అడవి చెట్లు కొట్టేసి కొబ్బరి వేశారు. 1968లో పక్షుల రక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఒకటి విరాళాలతో ఆ దీవిని కొనేసింది. అడవిని మళ్లీ పెరగనిచ్చారు. పిట్టలు పెరిగాయి. అక్కడినుంచి మరికొన్ని దీవులకు తీసుకెళ్లి వదిలారు. ఇప్పుడవి వేలల్లో ఉన్నాయి.

సీషెల్స్‌లో విమానాశ్రయం మొదలైంది 1971లో. అంటే ఆ పిట్టను కాపాడే పని మొదలైననాటికి దేశానికి విమానమే రాదు. తమ ఖర్చు తాము సంపాదించుకునే ప్రాంతాలనే కాపాడాలన్న నియమం 1968లో ఉంటే కుజాన్‌లో కొబ్బరి కాసేది, పిట్ట మ్యూజియం అద్దాల పెట్టెలో ఉండేది. రాబడి వస్తుందన్న ఆశ లేకుండా ఎవరో ముందు డబ్బు పెట్టారు, పర్యాటకులు తర్వాతెప్పుడో వచ్చారు. పైగా కుజాన్ హోటళ్లున్న ప్రాలాన్‌కు ఆనుకున్నట్టే ఉంటుంది కాబట్టి వచ్చారు. సీషెల్స్‌లోని 115 దీవుల్లో ఆ అదృష్టం ఎన్నింటికి ఉంది?

4. 2020లో ఏం జరిగింది

2019లో సీషెల్స్‌కు 3.84 లక్షల మంది సందర్శకులు వచ్చారు. 2020లో వచ్చింది సుమారు 1.15 లక్షలు. విమానాశ్రయం నెలల తరబడి మూతపడింది. వాలీ ద మే గేటు దగ్గర వసూలు కుప్పకూలింది. దాని మీద ఆధారపడిన ఆల్డబ్రాకు డబ్బొచ్చే దారి కూడా అంతటితో మూసుకుపోయినట్టే. ఆల్డబ్రాలో మాత్రం ఏమీ మారలేదు. తాబేళ్లకు కరోనా లేదు, వేటగాడికి సెలవు లేదు, సముద్రం తెచ్చిపోసే చెత్త ఆగలేదు. ఖర్చు అంతే ఉంది, రాబడి పోయింది.

ఒక్క చెడ్డ సంవత్సరాన్ని పట్టుకుని సాగదీస్తున్నానంటారేమో. కానీ ఇది అనుకోకుండా జరిగిన ప్రమాదం కాదు. ఆ ఏర్పాటు స్వభావమే అంత. పర్యాటకం పడిపోతే మొదట ఉద్యోగాలు పోతాయి. పని పోయినవాడికి సముద్రపు తాబేలు మాంసమూ, దొంగచాటుగా అమ్ముడుపోయే కోకో ద మేర్ గింజా అక్కరకొచ్చే వస్తువులవుతాయి. అంటే కాపలా అవసరం పెరిగే సమయానికే కాపలా డబ్బు పోతుంది. ఇంత తిరకాసున్న బీమా పాలసీని ఏ ఏజెంటూ మీకు అంటగట్టలేడు. పర్యావరణం పేరు తగిలిస్తే మాత్రం దానికి సుస్థిర నిధి అని బిరుదు దొరుకుతుంది.

పర్యాటకం కూలితే ఖజానా కూడా కూలుతుంది కదా అనొచ్చు. సీషెల్స్ విషయంలో అది కొంతవరకు నిజమే. కాని ఖజానా అప్పు తేగలదు, ఒక పద్దులోది తీసి ఇంకో పద్దులో సర్దగలదు, పన్ను వేయగలదు. టికెట్టు కౌంటరు ఇవేవీ చేయలేదు. ఇంకొకటి, 30 శాతం సముద్రానికి రక్షణ ప్రకటన వెలువడింది సరిగ్గా ఆ మార్చి నెలలోనే. బాధ్యత ఆకాశానికెగిరిన నెలలోనే ఆదాయం నేలకు దిగింది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడినవాళ్లు తక్కువ.

5. అప్పు మార్పిడి: చప్పట్లు ఆపి లెక్క చూడండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఈ ఒక్క ఉదాహరణే ఇప్పుడు ప్రపంచమంతా తిరుగుతోంది.

2008లో సీషెల్స్ విదేశీ అప్పు వాయిదా కట్టలేక చేతులెత్తేసింది. తర్వాత కొన్నేళ్లకు అమెరికాకు చెందిన ద నేచర్ కన్సర్వెన్సీ సంస్థ మధ్యవర్తిగా వచ్చింది. పారిస్ క్లబ్ అనే రుణదాతల బృందంలోని దేశాలకు సీషెల్స్ బాకీ పడ్డ దాంట్లో 2.16 కోట్ల డాలర్లను 2.02 కోట్లకు కొనేశారు. ఆ కొనుగోలు సొమ్ములో 50 లక్షలు విరాళాలు, మిగతా 1.52 కోట్లు అప్పు. ఇప్పుడు సీషెల్స్ పాత రుణదాతలకు బదులు కొత్తగా పెట్టిన ట్రస్టుకు కడుతుంది. ట్రస్టు అందులోంచి తెచ్చిన అప్పు తీరుస్తూ, మిగిలింది సముద్ర రక్షణకు ఇస్తుంది.

వార్తలు చదివినవాళ్లకు 2.16 కోట్ల డాలర్లు ప్రకృతికి దక్కాయని అనిపిస్తుంది. రుణదాతలు నిజంగా వదులుకున్నది 14 లక్షలు. గడువు పెరిగింది, కొంత భాగం సొంత కరెన్సీలో కట్టుకునే వీలు దొరికింది. ఇవి మంచి సౌకర్యాలే, కాదనను. కానీ ఈ తతంగమంతా అయ్యాక సముద్ర రక్షణ, వాతావరణ పనుల కోసం ఏటా చేతికందేది దాదాపు 2.8 లక్షల డాలర్లు. దాన్ని 4.1 లక్షల చదరపు కిలోమీటర్లకు పంచి చూడండి. చదరపు కిలోమీటరుకు ఏడాదికి డెబ్బై సెంట్లు రావు. మన డబ్బులో ఓ అరవై రూపాయలు.

ఆ నిధి కాపలా కోసం ఉద్దేశించింది కాదని, దరఖాస్తు పెట్టుకున్న ప్రాజెక్టులకు గ్రాంట్లు ఇవ్వడానికని జవాబు వస్తుంది. నా ఫిర్యాదు సరిగ్గా అదే. షరతు ఏమో దేశపు సముద్రంలో మూడో వంతుకు దగ్గరగా రక్షిత ప్రాంతం చేయడం. డబ్బేమో చిన్న ప్రాజెక్టులకు. మధ్యలో మిగిలిన అసలు బిల్లు ఎవరు కడతారు? అప్పులు తీర్చలేక అవస్థ పడుతున్నదని చెప్పుకున్న ఆ ప్రభుత్వమే.

2018 నాటి నీలి బాండు సంగతీ అంతే. 1.5 కోట్ల డాలర్లు, పదేళ్ల గడువు, 6.5 శాతం వడ్డీ. ముగ్గురు అమెరికన్ పెట్టుబడిదారులు కొన్నారు. సీషెల్స్‌కు అసలు పడే వడ్డీ 2.8 శాతమే అని గొప్పగా రాశారు. ఎలా తగ్గింది? ప్రపంచ బ్యాంకు హామీ ఉంది, గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ ఇచ్చిన చవక రుణం ఉంది. ఈ రెండు సంస్థల వెనక ఉన్నది ప్రభుత్వాలు పెట్టిన సొమ్మే, అంటే ప్రజల డబ్బే. ప్రజల డబ్బు కిందినుంచి మోస్తే గాని లేవని బాండును చూపించి ప్రజల డబ్బుతో పనిలేదని రుజువైందంటారు! పైగా ఆ 1.5 కోట్లలో గ్రాంట్లకు కేటాయించింది 30 లక్షలే. మిగతా 1.2 కోట్లు డెవలప్‌మెంట్ బ్యాంకు ద్వారా వ్యాపారాలకిచ్చే అప్పులు. చేపల వ్యాపారానికి చవక అప్పు దొరకడం మంచిదే. కాని దాన్ని రక్షిత ప్రాంతాల నిధుల ఖాతాలో రాసుకోకూడదు.

6. గీతకు డబ్బు దొరుకుతుంది, కాపలాకు దొరకదు

సీషెల్స్ సముద్ర ప్రణాళిక 2014లో మొదలైంది. ఎక్కడ చేపలు పట్టొచ్చు, ఎక్కడ పట్టకూడదు, ఓడలు, చమురు, పర్యాటకం ఎక్కడెక్కడ అని జాలర్లనూ కంపెనీలనూ శాస్త్రవేత్తలనూ కూర్చోబెట్టి ఏళ్ల తరబడి చర్చించారు. పని శ్రద్ధగా చేశారు. ఆల్డబ్రా చుట్టూ ఉన్న నీళ్లకు అత్యున్నత రక్షణ ఇవ్వడం సరైన నిర్ణయం.

లోపం పటంలో కాదు, పటానికి జతచేయని కాగితంలో ఉంది. సీషెల్స్ హక్కు నడిచే సముద్రం దాదాపు 13.5 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపి 2.75 లక్షలు. అంటే రెండు తెలుగు రాష్ట్రాలకు దాదాపు ఐదు రెట్ల నీటిని, మన ఓ మోస్తరు మున్సిపాలిటీ అంత జనాభా ఉన్న దేశం కాయాలి. ఎన్ని పడవలు, ఎంత డీజిల్, ఎందరు మనుషులు, పదేళ్లకు ఎంత? ఈ అంకె లేకుండా 30 శాతం అన్న అంకెకు విలువ లేదు. విరాళమిచ్చేవాళ్లకు మాత్రం శాతాలే ఇష్టం. శాతం ప్రకటనకు వేదిక ఉంటుంది, అధ్యక్షుడి సంతకం ఉంటుంది, ఫొటో ఉంటుంది. పదకొండో ఏడు పడవ ఇంజను మార్చడానికి ఎవరూ రిబ్బను కత్తిరించరు.

లెక్క తేల్చకుండా గీత గీస్తే ఏమవుతుందో పసిఫిక్‌లో కిరిబాటి చూపించింది. ఫీనిక్స్ దీవుల చుట్టూ 4.08 లక్షల చదరపు కిలోమీటర్లను రక్షిత ప్రాంతం చేసి, 2015 జనవరి నుంచి అక్కడ వాణిజ్యపు చేపల వేట ఆపేసింది. వేట ఆపినందుకు పోయే లైసెన్సుల రాబడిని ఒక ట్రస్టు నిధి భర్తీ చేస్తుందన్నది ఆలోచన. నిధిలో పడింది 50 లక్షల డాలర్లు. అందులో సగం కిరిబాటి ప్రభుత్వమే వేసుకుంది. చేపల లైసెన్సుల మీదే బతికే ప్రభుత్వం అది. 2021 నవంబరులో ఆ జలాలను మళ్లీ వేటకు తెరుస్తామని ప్రకటించింది. ప్రపంచమంతా కిరిబాటిని తిట్టింది. మాటిచ్చి డబ్బు వేయనివాళ్లను ఎవరూ తిట్టలేదు. పసిఫిక్‌లోనే మరో ద్వీప దేశం పలావు 2020లో తన సముద్రంలో 80 శాతం మూసేసి, అడుగుపెట్టే ప్రతి సందర్శకుడి దగ్గర వంద డాలర్ల రుసుము తీసుకునే ఏర్పాటు నమ్ముకుంది. విమానాలు ఆగినప్పుడు అక్కడా పరిస్థితి ఇదే.

7. చెత్త ఒకరిది, టికెట్టు ఒకరిది

"వాడుకునేవాడే కట్టాలి" అనేది వాళ్ల న్యాయసూత్రం. సరే, ఒప్పుకుందాం. సీషెల్స్ సముద్రాన్ని అందరికంటే ఎక్కువగా వాడుకుంటున్నది ఎవరు?

2019లో కొందరు యువకులు, సీషెల్స్ వాళ్లూ ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులూ కలిసి, ఐదు వారాల పాటు ఆల్డబ్రా ఒడ్డున చెత్త ఎత్తారు. ఎండలో, పదునైన పగడపు రాళ్ల మీద, మెలికలు పడ్డ వలల్ని కోసి బస్తాలకెత్తి 25 టన్నులు తీశారు. విడివిడిగా లెక్కపెడితే అన్నిటికంటే ఎక్కువ దొరికినవాటిలో హవాయి చెప్పులున్నాయి. తూకం వేస్తే 80 శాతానికి పైగా చేపల వేట సామగ్రే. తాళ్లు, వలలు, తేలుడు సాధనాలు. ఇంకా 500 టన్నులు అక్కడే ఉందని, దాన్ని తీయడానికి 18,000 పనిగంటలు, సుమారు 46.8 లక్షల డాలర్లు కావాలని ఆ తర్వాత ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది. అప్పు మార్పిడి ఏటా ఇచ్చే 2.8 లక్షలను మొత్తంగా దీనికే పెట్టినా పదహారేళ్ళు దాటుతుంది. ఆలోపు కొత్త చెత్త రాకూడదు మరి.

ఆ తాళ్లు వాలీ ద మే చూడవచ్చిన దంపతులు తెచ్చి పడేసినవి కావు. హిందూ మహాసముద్రంలో ట్యూనా, అంటే మన జాలర్లు సూర అనే చేప, పట్టే పెద్ద నౌకలు తిరిగే సముద్రం అది. ఐరోపా సమాఖ్య తన నౌకలు సీషెల్స్ నీళ్లలో వేటాడేందుకు 2020లో ఆరేళ్ల ఒప్పందం చేసుకుంది. ఏటా 53 లక్షల యూరోలు. అందులో సగానికి పైగా చేపల రంగం అభివృద్ధికి కేటాయించిందే. ఆల్డబ్రా చెత్త మొత్తం ఎత్తడానికి ఈ ఒప్పందంలోని ఒక్క ఏడాది సొమ్ము సరిపోయి ఇంకా మిగులుతుంది. అయినా రక్షణ నిధుల చర్చ వస్తే అందరి చూపూ టికెట్టు ధర ఎంత పెంచొచ్చు అన్న దాని మీదికే పోతుంది. ట్యూనా కంపెనీ మీదికి పోదు. వాడుకునేవాడే కట్టాలన్న సూత్రాన్ని దాని ప్రచారకులే ఇంత ఎంపిక చేసి వాడుతుంటే, అది సూత్రమని నేనెందుకు నమ్మాలి?

8. "అయితే ఖజానాను నమ్మమంటారా?"

ఇదే చివరి అస్త్రం. ప్రభుత్వాల చేతికిస్తే డబ్బు దారి మళ్లుతుందంటారు. మళ్లుతుంది. మళ్లకుండా చట్టం చేయాలి. పోలీసు జీతాలు దారి మళ్లే ప్రమాదం ఉందని పోలీసు స్టేషన్లను చలాన్ల వసూళ్లతో బతకమంటామా?

అయినా దారి ఇప్పటికే సగం వేసి ఉంది. 2023 ఆగస్టు నుంచి సీషెల్స్ హోటళ్లలో బస చేసే విదేశీయుల దగ్గర హోటలు స్థాయిని బట్టి తలకు, రాత్రికి ఇంతని పర్యావరణ సుంకం తీసుకుంటోంది. అడవి గేటు దగ్గర తీసే టికెట్టు ఆ అడవికే అంటిపెట్టుకుంటుంది. దేశమంతటా హోటళ్లలో తీసే సుంకాన్ని ఎవరూ చూడని సముద్రపు గడ్డి మీదా, మడ అడవి మీదా ఖర్చు పెట్టొచ్చు. ఇందులోనూ పర్యాటకం మీద ఆధారపడే బలహీనత ఉంది. అందుకే ఇదొక్కటే చాలదు. మంచి ఏళ్లలో వచ్చిన దాంట్లో కొంత ముట్టుకోకుండా పక్కన పెట్టే నిధి ఉండాలి. చేపల లైసెన్సు సొమ్ములో ఒక వాటా, కేబినెట్ దయ మీద కాకుండా చట్టప్రకారం, ముందుగానే మినహాయించాలి. ఆల్డబ్రా ప్రపంచ వారసత్వమని గర్వంగా చెప్పుకునే దేశాలు ఏటా గ్రాంటు ఇవ్వాలి. అప్పు కాదు, బాండు కాదు, గ్రాంటు. అంత డబ్బు ఎక్కడిదంటారా? 2015లో అసంప్షన్ దీవిలో నౌకాదళ సదుపాయం కడతామని మన దేశమే ఒప్పందం రాసుకుంది. స్థానికుల వ్యతిరేకత వల్ల అది ముందుకు సాగలేదు గాని, డబ్బు లేదన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. హిందూ మహాసముద్రంలో జెట్టీలకు, రన్‌వేలకు నిధులు ఎప్పుడూ దొరుకుతాయి.

టికెట్లు వద్దనడం లేదు. వాలీ ద మే గేటు తెరిచే ఉంచండి, వచ్చిన డబ్బును అదనంగా వాడుకోండి. కాని ఆల్డబ్రా సిబ్బంది జీతం, వాళ్లకు బియ్యం తెచ్చే ఓడ డీజిల్, గస్తీ పడవల మరమ్మతు, ఈ మూడూ సీషెల్స్ బడ్జెట్‌లో కోస్ట్‌గార్డు పద్దు పక్కనే, అంతే గట్టిగా ఉండాలి. లోటు పడితే పూడ్చాల్సింది ట్యూనా సొమ్ము. ఇది కుదరదనేవాళ్లు తమ ఉపన్యాసాల్లోంచి 30 శాతం అన్న అంకెను తీసేసి, డబ్బున్నంత మేరకే గీత గీయాలి.